అలర్జీ పరీక్షకు దొరకని అలర్జీ: మాస్ట్ కణాల గురించి మీకు తెలుసా?

వేన్నీళ్ల స్నానం చేసి వస్తే ఒళ్లంతా దద్దుర్లు. తలనొప్పికని వేసుకున్న మాత్రకు కళ్లు బైర్లు కమ్మి పడిపోవడం. భోజనమైన అరగంటకు కడుపులో మెలిపెట్టి విరేచనాలు. అలర్జీ పరీక్షలు చేయిస్తే అన్నీ నెగెటివే. దద్దుర్లకు చర్మ డాక్టరు, కడుపుకు గ్యాస్ట్రో డాక్టరు, గుండెదడకు కార్డియాలజిస్టు... ఫైలు లావెక్కుతుందే తప్ప జబ్బుకు పేరు దొరకదు. చివరికి ఇంట్లోవాళ్లు కూడా ‘అంతా నీ భ్రమ’ అనేస్తారు. ఇలా తిరిగేవాళ్లందరికీ కాదుగానీ, కొందరికి అసలు కారణం మాస్ట్ కణాలు. ఈ జబ్బుల్లో పేరు తేల్చుకోవడం సగం పని, మందు ఎంచుకోవడం మిగతా సగం. రెండింటికీ పనికొచ్చే సంగతులు ఇవి.

1. ఈ కణాన్ని గుర్తించింది ఒక విద్యార్థి

1878లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పాల్ ఎర్లిక్ అనే 24 ఏళ్ల యువకుడు డాక్టరేట్ కోసం రాసిన సిద్ధాంత వ్యాసంలో ఈ కణాన్ని వర్ణించాడు. బట్టల మిల్లుల్లో వాడే అనిలిన్ రంగులను శరీర కణజాలానికి పట్టించి మైక్రోస్కోపులో చూడటం అతని అలవాటు. నీలం రంగు వేస్తే కొన్ని కణాలు మాత్రం నిండా రేణువులతో ఊదాగా కనిపించాయి. ఎర్లిక్‌కు 1908లో రోగనిరోధక శక్తి మీద చేసిన కృషికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రేణువుల్లో ఏముందో తేలడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ అందులో ఉందని 1937లో స్వీడన్ పరిశోధకులు చెప్పారు. దురదకూ దద్దుర్లకూ మూలమైన హిస్టమిన్ ఉన్నదీ అక్కడేనని 1953లో స్కాట్లండ్‌లోని డండీలో జేమ్స్ రైలీ, జెఫ్రీ వెస్ట్ నిరూపించారు.

2. రక్త పరీక్షలో ఇది కనిపించదు

మాస్ట్ కణం ఎముక మూలుగలో పుడుతుంది. పూర్తిగా ఎదగకముందే రక్తంలోంచి బయటపడి చర్మం, పేగులు, శ్వాసనాళాల్లో చేరి అక్కడే పెద్దదవుతుంది. రక్తనాళాలు, నరాల పక్కనే దాని కాపురం. అందుకే డాక్టర్లు మొదట రాసే సీబీపీలో ఈ కణాల లెక్క ఉండదు. సీబీపీ, థైరాయిడ్, షుగర్, ఈసీజీ అన్నీ బాగానే ఉన్నాయి కాబట్టి జబ్బే లేదనుకోవడం ఇక్కడ పొరపాటు. దీన్ని పట్టుకునే పరీక్షలు వేరే ఉన్నాయి.

3. పాము విషానికి ఇది ఎదురు నిలుస్తుంది

అలర్జీ తెచ్చిపెట్టే కణంగానే దీనికి పేరుపడింది. కానీ 2006లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ గాలి బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి బయటపడింది. మాస్ట్ కణాలు లేని ఎలుకలు పాము విషానికి, తేనెటీగ విషానికి తొందరగా లొంగిపోయాయి. కణాలున్న ఎలుకలు తట్టుకున్నాయి. రేణువుల్లోని కార్బాక్సీపెప్టిడేజ్ అనే ఎంజైము విషపు ప్రోటీన్లను ముక్కలు చేస్తోందన్నమాట. ఈ కణం మనకు అవసరమే. అది హద్దు మీరినప్పుడే జబ్బు.

4. ఒక్క కణం, రకరకాల రసాయనాలు

మాస్ట్ కణం రెచ్చిపోతే అప్పటికే నిల్వ ఉన్న హిస్టమిన్, ట్రిప్టేజ్, హెపారిన్ నిమిషాల్లో బయటికి వస్తాయి. ఆ వెంటనే ప్రోస్టాగ్లాండిన్ డి2, ల్యూకోట్రీన్లు కొత్తగా తయారవుతాయి. గంటల తర్వాత వాపును పెంచే సైటోకైన్లు మొదలవుతాయి. హిస్టమిన్‌తో దురద, దద్దుర్లు, కడుపులో యాసిడ్. ప్రోస్టాగ్లాండిన్‌తో ముఖం, ఛాతీ ఆవిర్లెత్తి ఎర్రబడటం. ల్యూకోట్రీన్లతో పిల్లికూతలు, ఆయాసం. ఎవరి ఒంట్లో ఏది ఎక్కువగా విడుదలవుతుందో వాళ్లకు ఆ లక్షణం ముందుకొస్తుంది. పక్కింటావిడకు పనిచేసిన మాత్ర మీకు పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణం.

5. రాజుగారి నౌకలో దొరికిన ప్రమాదం

ఒళ్లంతా ఒక్కసారిగా చెలరేగే తీవ్రమైన అలర్జీని అనాఫిలాక్సిస్ అంటారు. దీన్ని కనుగొన్న కథ 1901లో మొనాకో పాలకుడు మొదటి ఆల్బర్ట్ నౌకలో మొదలైంది. సముద్రజీవుల విషాన్ని పరిశీలిస్తున్న ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియర్ తర్వాత పారిస్‌లో కుక్కలకు ఆ విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించారు. అలవాటుపడితే తట్టుకుంటాయని వాళ్ల ఆశ. జరిగింది తలకిందులు. మొదటిసారి ఏమీ కాని కుక్క, కొన్ని వారాల తర్వాత మళ్లీ అదే మోతాదుకు చనిపోయింది. రిషేకు 1913లో నోబెల్ దక్కింది. ఈ ప్రమాదంలో ప్రధాన పాత్ర మాస్ట్ కణాలదేనని అప్పటికి ఎవరికీ తెలియదు.

6. మాస్ట్ కణాల జబ్బు ఒకటి కాదు

కణాల సంఖ్యే అతిగా పెరిగితే మాస్టోసైటోసిస్. చర్మంలోనే ఉంటే ఒక రకం, మూలుగలోకీ లోపలి అవయవాల్లోకీ చేరితే సిస్టమిక్ రకం. ఇది సుమారు పదివేల మందిలో ఒకరికి ఉండొచ్చని యూరప్ అంచనాలు. కణాల సంఖ్య మామూలుగానే ఉండి, ఊరికే రెచ్చిపోతుంటే మాస్ట్ సెల్ యాక్టివేషన్ సిండ్రోమ్. దీన్నే ‘ఎమ్‌క్యాస్’ అంటున్నారు.

సిస్టమిక్ మాస్టోసైటోసిస్ ఉన్న పెద్దల్లో అత్యధికులకు కిట్ అనే జన్యువులో ఒకే రకం మార్పు కనిపిస్తుంది. దాని పేరు డి816వి. కిట్ ప్రోటీన్‌లో 816వ స్థానంలోని అమైనో ఆమ్లం మారిపోతుంది. దాంతో కణాన్ని పెరగమని చెప్పే సంకేతం ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. ఈ మార్పు పుట్టాక కొన్ని కణాల్లో వచ్చేది, సాధారణంగా తల్లిదండ్రుల నుంచి సంక్రమించేది కాదు. కాబట్టి ‘పిల్లలకు వస్తుందేమో, పెళ్లి సంబంధానికి అడ్డమేమో’ అన్న భయానికి చాలా మందిలో ఆధారం లేదు.

7. మచ్చను రుద్ది చూడటమే ఒక పరీక్ష

ఒంటి మీద గోధుమరంగు మచ్చలు. పుట్టుమచ్చల్లానో, దోమ కాటు తాలూకు నల్లమచ్చల్లానో ఉంటాయి. డాక్టరు చెక్కపుల్ల లాంటిదానితో ఒక మచ్చను కొద్దిగా ఒత్తి నాలుగైదుసార్లు రుద్దుతారు. కొన్ని నిమిషాల్లో ఆ మచ్చ వరకే ఉబ్బి, దురదపెట్టి, చుట్టూ ఎర్రబడుతుంది. పక్కనున్న మామూలు చర్మాన్ని అలాగే రుద్దినా ఏమీ కాదు. ఫ్రెంచి చర్మవైద్యుడు జాన్ దారియర్ పేరుతో దీన్ని దారియర్ గుర్తు అంటారు. ఛామనఛాయ, నల్లని చర్మం మీద ఎరుపు సరిగా తెలియదు. అందుకని ఉబ్బును వేలితో తడిమి చూడాలి.

దీన్ని ఇంట్లో చేసి చూడకండి. ముఖ్యంగా చిన్నపిల్లలకు పెద్ద గడ్డలా ఉన్న మచ్చను గట్టిగా రుద్దితే ఒళ్లంతా ఎర్రబడి బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. పసిపిల్లల్లో కనిపించే రకం ఎక్కువగా చర్మానికే పరిమితం. వాళ్లలో చాలామందికి యుక్తవయసు వచ్చేసరికి తగ్గిపోతుంది, లేదా బాగా నెమ్మదిస్తుంది. వాళ్లకు పెద్దవాళ్లలా ముందే మూలుగ పరీక్ష అవసరం రాదు.

8. కందిరీగ కాటుతో బయటపడే జబ్బు

ఒంటి మీద మచ్చ ఒక్కటీ లేదు, ఏనాడూ దద్దుర్లు రాలేదు. ఒకరోజు కందిరీగ కుట్టగానే బీపీ పడిపోయి స్పృహ తప్పింది. ఇలాంటివాళ్లలో లోపల దాగిన మాస్టోసైటోసిస్‌ను వెతకాలి. ఇటలీలో తేనెటీగలు, కందిరీగలు కుట్టి ఒళ్లంతా ప్రతిచర్య వచ్చిన 379 మందిని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో సుమారు 8 శాతం మందికి మాస్ట్ కణాల జబ్బు ఉన్నట్టు తేలింది. దద్దుర్లు, వాపు లేకుండా నేరుగా బీపీ పడిపోవడం, అదీ మగవాళ్లలో, అనుమానించాల్సిన లక్షణం. వీళ్లకు విషానికి అలవాటుపరిచే ఇమ్యునోథెరపీని మొదలుపెడితే జీవితాంతం కొనసాగించమని నిపుణుల సలహా.

9. సాక్ష్యం నాలుగు గంటలే ఉంటుంది

మాస్ట్ కణం రెచ్చిపోయిందని చెప్పే బలమైన రక్త పరీక్ష ట్రిప్టేజ్. దాడి మొదలైన ఒకటి రెండు గంటలకు అది బాగా పెరిగి ఉంటుంది, తర్వాత తగ్గిపోతుంది. నాలుగు గంటల లోపు రక్తం తీయాలి. ఎమర్జెన్సీలో ప్రాణం నిలబెట్టే హడావుడిలో ఈ నమూనా సంగతి ఎవరికీ గుర్తుండదు. మర్నాడు ఓపీకి వెళ్లి పరీక్ష చేయిస్తే రిపోర్టు ‘నార్మల్’ అని వస్తుంది.

ఆ ఒక్క అంకె కూడా చాలదు. లక్షణాలు పూర్తిగా తగ్గి కనీసం 24 గంటలయ్యాక రెండో నమూనా ఇవ్వాలి, అది మీ మామూలు స్థాయి. దానికి 20 శాతం కలిపి, మరో 2 కలిపితే వచ్చే అంకెను దాడి నాటి అంకె అందుకుంటే సాక్ష్యం దొరికినట్టే. ఉదాహరణకు మీ మామూలు స్థాయి 5 అనుకుందాం. 5కు 20 శాతం కలిపితే 6, మరో 2 కలిపితే 8. దాడి రోజున 9 ఉంటే అది రుజువే. కానీ చాలా ల్యాబుల్లో పై హద్దు 11.4 కాబట్టి ఆ రిపోర్టు మీద ఎర్ర గుర్తు ఉండదు. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి లెక్క వేసే డాక్టరు కావాలి. నమూనా తీసిన టైము కాగితం మీద ఉండాలి.

10. ట్రిప్టేజ్ ఎక్కువుంటే జబ్బేనా? కాదు

2016లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు వంశపారంపర్యంగా వచ్చే ఒక లక్షణాన్ని బయటపెట్టారు. ఆల్ఫా ట్రిప్టేజ్ జన్యువుకు అదనపు ప్రతి ఉన్నవాళ్లకు పుట్టుకతోనే ట్రిప్టేజ్ ఎక్కువ. పాశ్చాత్య దేశాల్లో నూటికి సుమారు అయిదుగురిలో ఇది ఉంది. చాలామందికి ఏ బాధా ఉండదు. కొందరిలో అనాఫిలాక్సిస్ వస్తే మాత్రం తీవ్రంగా రావచ్చు. కాబట్టి అంకె ఎక్కువ కనిపించగానే మూలుగ పరీక్షకు పరుగెత్తకుండా, ఈ జన్యు పరీక్ష కూడా చేయించాలా అని అడగడం మంచిది.

11. మామూలు జన్యు పరీక్ష తప్పిపోవచ్చు

డి816వి మార్పు రక్తంలో అతి కొద్ది కణాల్లోనే ఉండొచ్చు. క్యాన్సర్లకు చేసే సాధారణ జన్యు ప్యానెళ్లకు అంత తక్కువ మోతాదు దొరక్కపోవచ్చు. అందుకని అత్యంత సున్నితమైన పీసీఆర్ పద్ధతిలో చేయించాలి. అనుమానం బలంగా ఉంటే మూలుగ నమూనా తీస్తారు. అందులో 15 లేదా అంతకంటే ఎక్కువ మాస్ట్ కణాలు గుంపుగా కనిపించడం సిస్టమిక్ మాస్టోసైటోసిస్‌కు ప్రధాన ప్రమాణం. దానికి కిట్ మార్పు, ట్రిప్టేజ్ 20 దాటడం లాంటి చిన్న ప్రమాణాల్లో ఒకటి తోడైతే నిర్ధారణ అవుతుంది. ప్రధాన ప్రమాణం లేకపోయినా చిన్నవి మూడు ఉంటే చాలు.

12. ‘ఎమ్‌క్యాస్’ విషయంలో డాక్టర్లకే ఏకాభిప్రాయం లేదు

అమెరికా వ్యాధుల కోడ్ల జాబితాలో ఎమ్‌క్యాస్‌కు చోటు దొరికింది 2016 అక్టోబరులోనే. అంతర్జాతీయ నిపుణులు ఎక్కువమంది ఒప్పుకునే షరతులు మూడు. ఒకటి, కనీసం రెండు అవయవ వ్యవస్థల్లో, విడతలు విడతలుగా లక్షణాలు రావాలి. రెండు, ఆ సమయంలో ట్రిప్టేజ్ లాంటి రసాయనం పెరిగినట్టు పరీక్షలో తేలాలి. మూడు, దానికి తగ్గ మందు వేస్తే తగ్గాలి. ఇంకొందరు డాక్టర్లు ఇంతకంటే విశాలమైన ప్రమాణాలు వాడతారు. వాటి ప్రకారం చూస్తే రోగుల సంఖ్య అమాంతం పెరుగుతుంది.

ఈ తగువులో నలిగేది రోగి. ఒకవైపు నిజంగా జబ్బున్నవాళ్లను భ్రమ అని పంపేస్తున్నారు. మరోవైపు ఏళ్లుగా ఉన్న ప్రతి అలసటకూ నొప్పికీ ఈ పేరు తగిలిస్తే, అసలు జబ్బు చూడకుండా పోతుంది. కార్సినాయిడ్ గడ్డలు, అడ్రినల్ గ్రంథి గడ్డలు కూడా ఇలాగే ఆవిర్లు, గుండెదడ తెస్తాయి. వాటి వైద్యం వేరు.

13. పాడైన చేప కూడా ఇలాగే మోసం చేస్తుంది

కానాగంతలు, ట్యూనా లాంటి చేపలను పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే, బ్యాక్టీరియా వాటి మాంసంలోని హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఎంత ఉడికించినా, వేయించినా ఆ హిస్టమిన్ పోదు. పులుసు తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దద్దుర్లు లేచి, తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. ఇది చేప అలర్జీ కాదు, మాస్ట్ కణాల జబ్బూ కాదు. తిన్న హిస్టమిన్ చేసిన పని. ఇందులో ట్రిప్టేజ్ పెరగదు. అదే కూర తిన్న ఇంకొకరికి కూడా వచ్చిందా అని అడిగితే సగం సంగతి తేలిపోతుంది.

14. అలర్జీ లేకుండానే మందు పడకపోవచ్చు

కొన్ని మందులు అలర్జీ యాంటీబాడీల ప్రమేయం లేకుండా నేరుగా మాస్ట్ కణం మీదున్న ఒక గ్రాహకాన్ని తాకి దాన్ని రెచ్చగొడతాయి. ఎమ్‌ఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అనే ఈ గ్రాహకం పాత్రను 2015లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు వివరించారు. సిప్రోఫ్లాక్సాసిన్, మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించే అట్రాక్యూరియం లాంటివి ఈ దారిలో పనిచేస్తాయి. మార్ఫిన్, కోడీన్, వాంకోమైసిన్, స్కానింగులో ఎక్కించే కాంట్రాస్ట్ మందు కూడా మాస్ట్ కణాలను కదిలించగలవు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు వేరే దారిలో కొందరికి ప్రమాదం. మోకాలి నొప్పికో ఒళ్లునొప్పులకో ‘ఒక ఇంజెక్షన్ వేయండి’ అని అడిగే అలవాటును ఈ జబ్బున్నవాళ్లు మానుకోవాలి.

అలాగని ఆపరేషన్లు చేయించుకోకూడదని కాదు. మత్తు డాక్టరుకు ముందే చెబితే ముందస్తు మందులిచ్చి, తగిన మత్తుమందు ఎంచుకుని జాగ్రత్తగా చేస్తారు. ఇంతకుముందు ఏ మందు పడిందో, ఏది పడలేదో రాసిన చిన్న కార్డు పర్సులో ఉంచుకోవడం మంచిది.

15. ఒకరికి గండం, ఇంకొకరికి మందు: ఆస్పిరిన్

1980లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మాస్టోసైటోసిస్ రోగుల్లో ప్రోస్టాగ్లాండిన్ డి2 విపరీతంగా తయారవుతోందని చూపించారు. దాని తయారీని ఆపేది ఆస్పిరిన్. యాంటీహిస్టమిన్లతో పాటు ఆస్పిరిన్ ఇస్తే దాడులు తగ్గాయి. కానీ మాస్ట్ కణాల జబ్బున్న కొందరికి అదే ఆస్పిరిన్ దాడిని తెచ్చిపెడుతుంది. అందుకే దీన్ని ప్రయత్నించాలనుకుంటే ఆస్పత్రిలో, అతి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. సొంతంగా వేసుకుని చూసే మందు కాదు.

16. దద్దుర్లకు యాసిడ్ మాత్ర ఎందుకు?

హిస్టమిన్ గ్రాహకాలు నాలుగు రకాలు. మొదటి రకాన్ని అడ్డుకునే యాంటీహిస్టమిన్లకు దారితీసిన పరిశోధనకు డానియెల్ బోవే 1957లో నోబెల్ అందుకున్నాడు, రెండో రకాన్ని అడ్డుకునే సిమెటిడిన్ లాంటి మందుల మీద చేసిన కృషికి జేమ్స్ బ్లాక్ 1988లో నోబెల్ పంచుకున్నాడు. సెటిరిజిన్, ఫెక్సోఫెనాడిన్ లాంటివి మొదటి రకం పనిపడతాయి. ఫామోటిడిన్ రెండో రకం పనిపడుతుంది. కడుపునొప్పి, యాసిడ్ ఉన్నవాళ్లకు రెండూ కలిపి రాస్తారు. మందుల చీటీలో గ్యాస్ మాత్ర చూసి ‘నాకు గ్యాస్ లేదు కదా’ అని మానేయకండి.

అందరికీ తెలిసిన ఏవిల్ లాంటి పాతతరం మందులు కూడా పనిచేస్తాయి. అయితే నిద్రమత్తు ఎక్కువ, పెద్దవాళ్లలో తికమక పెరుగుతుంది. రోజూ వాడటానికి కొత్తతరానివి మేలు. ఇవి హిస్టమిన్ పనిని అడ్డుకుంటాయేగానీ కణాన్ని ఆపవు.

17. తన మీద తానే ప్రయోగం చేసుకున్న డాక్టరు

మాస్ట్ కణం రసాయనాలు వదలకుండా నిలవరించే మందు సోడియం క్రోమోగ్లైకేట్. ఈజిప్టు ప్రాంతంలో నాటువైద్యానికి వాడే అమ్మి విస్నాగా మొక్కలోని ఖెలిన్ దీనికి మూలం. సిరియాలోని అలెప్పోలో పుట్టిన బ్రిటిష్ డాక్టరు రోజర్ ఆల్టూన్యన్‌కు ఆస్తమా ఉండేది. తనకు పడని గినీ పిగ్ సారాన్ని తానే పీల్చి ఆయాసం తెచ్చుకుని, ముందుగా తీసుకున్న రసాయనం దాన్ని ఆపిందా లేదా అని ఊపిరి కొలిచి చూసేవాడు. ఏళ్ల తరబడి వందల రసాయనాలను ఇలా పరీక్షించాక 1965లో ఇది దొరికింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపిన ఆయన, పొడి మందు పీల్చే పరికరంలో కూడా చిన్న ప్రొపెల్లర్ పెట్టాడు.

నోటి ద్వారా తీసుకుంటే ఇది రక్తంలోకి ఎక్కేది చాలా స్వల్పం. కాబట్టి పేగుల్లోని బాధకే ఎక్కువ ఉపయోగం. రోజుకు నాలుగుసార్లు, తిండికి ముందు తీసుకోవాలి. ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులకే ‘పనిచేయలేదు’ అని తేల్చేస్తే మంచి మందును వదులుకున్నట్టవుతుంది. మన దగ్గర మాత్రగా వాడే కీటోటిఫెన్‌కు యాంటీహిస్టమిన్ గుణంతోపాటు కణాన్ని నిలవరించే గుణమూ ఉంది. దాంతో నిద్రమత్తు, బరువు పెరగడం ఉండొచ్చు.

18. మూలానికే మందు ఉంది, కానీ అందరికీ కాదు

హైదరాబాద్ కంపెనీ నాట్కో జెనరిక్‌గా తయారుచేసే ఇమాటినిబ్ మన లుకేమియా రోగులకు ఎప్పట్నుంచో తెలిసిన మందు. అది కిట్ ప్రోటీన్‌ను కూడా ఆపుతుంది. కానీ డి816వి మార్పు ఉంటే ఆ ప్రోటీన్ ఆకారం మారిపోయి మందు అతుక్కోదు. కాబట్టి ఈ మార్పు ఉందో లేదో తెలియకుండా ఇమాటినిబ్ మొదలుపెట్టడంలో అర్థం లేదు. ముదిరిన రకానికి మిడోస్టారిన్‌ను 2017లో, అవాప్రిటినిబ్‌ను 2021లో అమెరికా అనుమతించింది. నెమ్మదిగా సాగే రకానికి కూడా అవాప్రిటినిబ్‌ను రోజుకు 25 మిల్లీగ్రాముల మోతాదులో 2023 మేలో అనుమతించారు.

ఆ అనుమతికి ఆధారమైన అధ్యయనంలో 212 మంది ఉన్నారు. 110 పాయింట్ల లక్షణాల కొలతలో 24 వారాలకు మందు తీసుకున్నవాళ్లకు సగటున 15.6 పాయింట్లు తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లకూ 9.2 తగ్గాయి. రెండు గుంపులూ తమ పాత మందులు కొనసాగించినవాళ్లే. అంటే తేడా నిజమే, అద్భుతం మాత్రం కాదు. ప్లేట్‌లెట్లు 50 వేలకంటే తక్కువ ఉంటే ఈ మందు వద్దంటారు, ఎందుకంటే మెదడులో రక్తస్రావం దీనికున్న తీవ్రమైన ప్రమాదం. నెమ్మది రకం ఉన్నవాళ్ల ఆయుష్షు దాదాపు మామూలువాళ్లలాగే ఉంటుంది. వాళ్లలో ముదిరిన రకంలోకి మారేవాళ్లు కొద్దిమందే. అందుకని రోజువారీ బాధ ఎంతుంది, పాత మందులు సరైన మోతాదులో వాడి చూశారా, ఖర్చు భరించగలరా అన్నవి చూసుకునే దీనిలోకి దిగాలి. ముదిరిన రకంలో ఆలస్యం చేయకూడదు.

మాటిమాటికీ అనాఫిలాక్సిస్ వచ్చేవాళ్లకు ఓమాలిజుమాబ్ ఇంజెక్షన్ మరో దారి. దీనికి ఈ జబ్బు పేరుతో అనుమతి లేకపోయినా నిపుణులు వాడుతున్నారు. దాడులు తగ్గించడంలో మంచి ఫలితాలు కనిపించాయి.

19. ప్రాణం మీదకొస్తే ఏవిల్ కాదు, అడ్రినలిన్

గొంతు బిగుసుకుపోతోంది, ఊపిరాడటం లేదు, కళ్లు మసకబారుతున్నాయి అంటే మొదటి మందు అడ్రినలిన్. ఏవిల్, స్టెరాయిడ్ దాని తర్వాతే. తొడ బయటివైపు కండరంలోకి వేయాలి. పెద్దవాళ్లకు మామూలుగా 0.5 మిల్లీగ్రాములు. పెన్నులా నొక్కితే పడే ఆటో ఇంజెక్టర్లు మన దగ్గర తేలిగ్గా దొరకవు. ఒక మిల్లీలీటరు ఆంప్యూల్ మెడ విరిచి, సిరంజిలోకి సగం లాగి, గాలి బుడగ బయటికి నెట్టి వేయాలి. వణికే చేతులతో మొదటిసారి చేయాల్సిన పని కాదిది. రోగి, ఇంట్లో ఇంకొకరు డాక్టరు ముందే నేర్చుకుని ఉండాలి.

మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఆయాసం ఎక్కువుంటే కూర్చోనివ్వచ్చు. ‘లే, నడుచుకుంటూ కారెక్కు’ అని నిలబెట్టకూడదు, బీపీ పడి ఉన్నప్పుడు హఠాత్తుగా లేపితే గుండె ఆగే ప్రమాదం ఉంది. బీపీకి బీటా బ్లాకర్లు వాడేవాళ్లలో అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు. ఆ మందు మార్చవచ్చా అని ముందే అడగాలి.

20. ఎముకలు, గుండె, పెంపుడు కుక్క

నలభయ్యేళ్ల మగవాడికి చిన్న దెబ్బకే వెన్నుపూస విరిగితే, ఆ బోలు ఎముకల వెనక మాస్టోసైటోసిస్ ఉండొచ్చు. జబ్బు తేలినవాళ్లందరికీ ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ చేయించడం అందుకే.

అలర్జీ దాడి మధ్యలో ఛాతీనొప్పి వస్తే, అది గుండె రక్తనాళాలు బిగుసుకుపోవడం వల్ల కావచ్చు. 1991లో గ్రీస్ కార్డియాలజిస్టు నికొలస్ కౌనిస్ దీన్ని వర్ణించాడు.

కుక్కల చర్మంలో తరచుగా వచ్చే క్యాన్సర్లలో మాస్ట్ కణాల గడ్డ ఒకటి. కుక్కల క్యాన్సర్ కోసమే అమెరికా 2009లో అనుమతించిన తొలి మందు టోసెరానిబ్ దీనికే.

21. అందరికీ సరిపడే పథ్యం లేదు

ఊరగాయ, ఎండుచేప, టమాటా, వంకాయ, పులిసిన పిండి... హిస్టమిన్ పేరుతో మానేయమని చెప్పే జాబితా చాంతాడంత ఉంటుంది. ఇది మాస్ట్ కణాల జబ్బుకు కచ్చితంగా పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు. అన్నీ ఒకేసారి మానేసి మజ్జిగన్నంతో గడిపితే బరువు, ఎముకల బలం పోతాయి. ఒక్కో పదార్థాన్నీ విడివిడిగా, కొద్ది వారాలపాటు మాని, మళ్లీ తిని చూసి తేల్చుకోవాలి. తిండికంటే కచ్చితంగా తెలిసిన ప్రేరకాలు వేరే ఉన్నాయి: వేడి, ఏసీ గదిలోంచి ఒక్కసారిగా మండుటెండలోకి రావడం, చర్మం మీద గట్టి రాపిడి, మద్యం, నిద్రలేమి, ఒత్తిడి. ఒత్తిడి వల్ల దాడి రావడమంటే జబ్బు మనసులో ఉందని కాదు. నరాల పక్కనే ఉండే కణం కాబట్టి నరాల సంకేతాలకు స్పందిస్తుంది.

22. డాక్టరు దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి?

లావుపాటి ఫైలు కాదు, ఒక్క పేజీ. దాడి వచ్చిన తేదీ, టైము, దానికి ముందు రెండు గంటల్లో తిన్నది, వేసుకున్న మందు, చేసిన పని, ఎంతసేపటికి తగ్గింది, దేనితో తగ్గింది. దద్దుర్ల ఫొటోలు, ఇంట్లో చూసిన బీపీ. టైము రాసి ఉన్న ట్రిప్టేజ్ రిపోర్టులు రెండూ. అలర్జీ నిపుణుడు, హెమటాలజిస్టు ఇద్దరూ చూస్తే నిర్ధారణ గట్టిగా ఉంటుంది.

కొత్త మందు ఏదైనా ఒక్కసారికి ఒకటే మొదలుపెట్టమని అడగండి. మూడు కలిపి మొదలుపెడితే ఏది మేలు చేసిందో, ఏది పడలేదో ఎప్పటికీ తెలియదు. ఎన్ని వారాలు చూడాలి, ఏది తగ్గితే పనిచేసినట్టు, ఏది కనిపిస్తే ఆపేయాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబులు చీటీ వెనకే రాయించుకోండి. మూడు నెలల తర్వాత అదే కాగితం తీసి చూసుకుంటే, ఆ మందు కొనసాగించాలా మానాలా అన్నది మీకే తెలుస్తుంది.